ఎడమకాలి రెండు దెబ్బలు

ఆ అడుగు శశికళది. ముందు ఆ ఒక్క మాట తేల్చేసుకుందాం, మిగతా కథ తర్వాత. ఎందుకంటే రెండువేల నాలుగులో బెంగుళూరులో ఏ వీధిలో అడిగినా "ఓ, ఆ సినిమా స్టెప్పా?" అన్నవాళ్ళే గానీ శశికళ పేరెత్తిన పాపాన ఎవరూ పోలేదు. ఆ సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఒక కాలేజీ అమ్మాయి, ఒక కాలేజీ అబ్బాయి డాన్సు పోటీలో కలుసుకుంటారు, ప్రేమించుకుంటారు, పోట్లాడుకుంటారు, చివరి పాటలో మళ్ళీ కలుస్తారు. కథంటే అంతే. అందులో చెప్పుకోదగ్గది ఏదైనా ఉందంటే అది ఆ చివరి పాట, ఆ పాటలో ఆ అడుగు. కుడికాలు ఒక దెబ్బ, ఎడమకాలు రెండు దెబ్బలు, రెండోది గట్టిగా. దాని పుణ్యమా అని ఆ సినిమా వంద రోజులు ఆడింది.

ఆ అడుగు పుట్టింది స్టూడియోలో కాదు. బెంగుళూరు పక్కనున్న ఆనేకల్‌లో, శశికళ తండ్రి రామాంజినప్ప ఇంట్లో, గుంట మగ్గం కింద.

గుంట మగ్గం చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేసుకుంటాడు. కింద రెండు తొక్కుడు చెక్కలుంటాయి. కుడిది తొక్కితే పడుగులో, అంటే నిలువు దారాల్లో, సగం పైకి లేస్తాయి, ఆ సందులోంచి అడ్డదారం మోసే నాడె దూసుకుపోతుంది. ఎడమది తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. పొద్దస్తమానం ఇదే పని. అయితే రామాంజినప్ప మగ్గానికి ఎడమ చెక్క తాడు సాగిపోయింది. మొదటి దెబ్బకు తాడు వదులు తీరేది, రెండో దెబ్బకు గానీ దారాలు లేచేవి కావు. విప్పి బిగించి కడితే అరగంట పని. "రేపు కడతాలే" అన్నాడాయన. ఆ రేపు పదకొండేళ్ళయినా రాలేదు. ఆయన భార్య మునిలక్ష్మి పోరి పోరి చివరికి నోరు నొప్పి పుట్టి ఊరుకుంది.

శశికళ ఆ చప్పుడులోనే పెరిగింది. టక్, టకటక్. టక్, టకటక్. ఆమెకు అది తాడు లోపమని చాలా ఏళ్ళ వరకు తెలియదు, మగ్గమంటే అలాగే మోగుతుంది కాబోలు అనుకుంది. సంగటి గెలుకుతున్నా, బస్సు కోసం నిలబడ్డా ఆమె కాళ్ళు వాటంతటవే ఆ లెక్క వేసేవి. ఆ అడుగుకు నడుము ఎటు తిప్పాలో, భుజం ఎక్కడ ఆపాలో, నాడె విసిరినట్టు చెయ్యి ఎప్పుడు ఎగరాలో ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్ళ వయసు నుంచి పెరట్లో గోడ మీద తన నీడను చూసుకుంటూ తనే కూర్చుకుంది.

పీయూసీకి, అంటే మన ఇంటర్‌కి, బెంగుళూరు కాలేజీలో చేరింది. చందాపుర, బొమ్మనహళ్ళి మీదుగా గంటన్నర బస్సు. మొదటి ఏడాది కాలేజీ డే రోజున అందరూ సినిమా పాటలు పెట్టుకుని ఎగిరితే, ఈ పిల్ల పాటే లేకుండా ఎక్కింది. స్నేహితురాలు హరిణి చెక్క బెంచీ వాయించింది, శశికళ ఆడింది. చప్పట్లు ఆగాక ఒకబ్బాయి స్టేజీ వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. పేరు కౌశల్. విజయవాడ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళబ్బాయి, కోరమంగలలో ఇల్లు, కాలేజీ డాన్సు టీముకు లీడరు.

"ఆ స్టెప్ ఏంటసలు? సూపర్! ఎవరు నేర్పారు నీకు?"

"మా మగ్గం."

జోకనుకుని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడు నెలలు కాలేజీ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన అతనికి ఆ అడుగు నేర్పింది. అతనికి లెక్కల జబ్బు. ఒన్, టూ, త్రీ, ఫోర్ అని గొణుక్కుంటూ ఎడమకాలి దగ్గరకు వచ్చేసరికి తడబడేవాడు.

"లెక్క పెట్టొద్దప్పా, విను" అనేది శశికళ. అతని అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళతో కొట్టి చూపించేది. టక్, టకటక్. "మొదుటిది ఉత్తదే. తాడు బిగిసేకి. రెండోదాంట్లోనే ఉండాది సత్తువంతా."

మగ్గం గురించి, తాడు గురించి, రేపు రేపంటూ పదకొండేళ్ళు గడిపిన తండ్రి గురించి అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు. ఇది కూడా గుర్తుంచుకోవాలి, తెలియక చేశానని అనడానికి ఆ అబ్బాయికి దారి లేదు.

సాయంత్రాలు ఆమె బస్సెక్కితే అతను బైక్ మీద వెంట వచ్చేవాడు. ఎడమకాలు నేలకు ఆనించి, కుడికాలితో ఒక్క తన్ను తన్ని బైక్ స్టార్ట్ చేసి, కిటికీ పక్కనే బొమ్మనహళ్ళి దాకా వచ్చి, అక్కడ హెల్మెట్ ఊపి వెనక్కి తిరిగేవాడు. ఒకరోజు బస్సు రావడం ఆలస్యమైంది. "శశీ, నాకు నువ్వంటే ఇష్టం. నీ స్టెప్ కాదు, నువ్వు" అన్నాడు. ఆమె చెవుల దాకా ఎర్రబడింది. "నాకీ ఇష్టమే" అని బస్సెక్కేసింది. ఆనేకల్ దాకా నిలబడే వెళ్ళింది, సీటు ఖాళీగా ఉన్నా చూసుకోలేదు.

సినిమావాళ్ళు బెంగుళూరు వచ్చింది ఆ తర్వాతే. కాలేజీ పిల్లల్లోంచి డాన్సర్లను తీసుకుంటారని, శుక్రవారం ఉదయం ఎంపిక అని కబురు తెలిసింది. ఇద్దరూ కలిసి వెళ్ళాలనుకున్నారు. తీరా చూస్తే ఆ శుక్రవారమే ఇంట్లో పడుగు చాపే రోజు. వీధి పొడవునా దారాలు చాపి, గంజి పెట్టి, ఎండ ముదిరేలోగా ఆరబెట్టి చుట్టేయాలి. ఇంట్లో ఒక్క చెయ్యి తగ్గినా దారం చిక్కుపడి నెల పని మట్టిపాలవుతుంది. ఆ రోజు నేతగాళ్ళ ఇంట్లో పెళ్ళికి పిలిచినా ఎవరూ కదలరు. శశికళ కదల్లేదు.

"నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు కౌశల్. "నేను వెళ్ళి మన స్టెప్ చూపిస్తా. ఇది ఫలానా అమ్మాయిది అని చెప్తా. మండే నిన్ను తీసుకెళ్ళి పరిచయం చేస్తా. ప్రామిస్."

సోమవారం వచ్చింది. కౌశల్ రాలేదు. ఆ వారమంతా కాలేజీకే రాలేదు. పదిహేను రోజుల తర్వాత కనిపించి, షూటింగులో చచ్చేంత పని అనీ, డాన్సు మాస్టరుకు స్టెప్ నచ్చిందనీ, టైము చూసి ఆమె సంగతి చెబుతాననీ అన్నాడు. నమ్మింది. పదిహేడేళ్ళ పిల్ల నమ్మక ఏం చేస్తుంది? తప్పు నమ్మినవాళ్ళదా? తప్పు నమ్మినవాళ్ళదే అనే మనుషులు ఈ లోకంలో కొల్లలుగా ఉన్నారు, వాళ్ళతో మనకు పనిలేదు.

సినిమా వచ్చింది. హరిణితో కలిసి మొదటి వారమే చూసింది శశికళ. చివరి పాట మొదలై, హీరో కుడికాలు ఒకటి, ఎడమకాలు రెండు వేయగానే హాలు హాలంతా లేచి ఈల వేసింది. తన పెరటి గోడ మీది నీడ అంత పెద్ద తెర మీద ఆడుతోంది. నడుము తిప్పడం, భుజం ఆపడం, నాడె విసురు, అన్నీ ఉన్నాయి. ఆఖర్న పేర్లు పడ్డాయి. రెప్ప వేయకుండా చదివింది. నృత్య సహకారం, కౌశల్. ఆ తర్వాత లైట్ల పేర్లు, భోజనాల పేర్లు, ఆఖరికి షూటింగుకు కుక్కను ఇచ్చినాయన పేరు కూడా పడింది. శశికళ పేరు లేదు.

అంతటితో ఆగినా ఏడ్చి ఊరుకునేదేమో. ఆ ఆదివారం పేపర్లో కౌశల్ ఫొటో వేసి, పక్కన నాలుగు ప్రశ్నలు వేశారు. ఈ స్టెప్ మీకెలా తట్టింది అన్నది మూడోది. దానికి అతని జవాబు ఇది: "ఒకరోజు నా బైక్ స్టార్ట్ అవ్వలేదు. ఒక కిక్ కొట్టా, లేదు. ఇంకో కిక్ గట్టిగా కొట్టా. ఆ రిథమ్ మైండ్‌లో అలా ఉండిపోయింది."

బైక్ కిక్కట! పదకొండేళ్ళు ఒక మనిషి కాలు అరిగేలా తొక్కింది, ఒక ఆడపిల్ల అయిదేళ్ళు గోడను చూసుకుంటూ కూర్చింది, ఈ మహానుభావుడికి రోడ్డు పక్కన బైక్ తన్నుతుంటే తట్టిందట. చదివిన హరిణికే ఒళ్ళు మండింది, శశికళ సంగతి చెప్పేదేముంది.

మర్నాడు కాలేజీ గేటు దగ్గర నిలదీసింది.

"ఏమిటికప్పా అంత అబద్ధం? నాదని చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

కౌశల్ అటూ ఇటూ చూశాడు. "శశీ, ప్లీజ్, మెల్లగా. నీ పేరు పేపర్లో వస్తే మీ నాన్నగారికి ప్రాబ్లమ్ కదా. నీ కోసమే ఆలోచించా."

"మా నాయన్ని అడిగినావా? నన్ను అడిగినావా? ఎవుర్ని అడిగి ఆలోచన చేసినావు?"

"నువ్వు ఓవర్‌గా రియాక్ట్ అవుతున్నావ్. జస్ట్ ఒక స్టెప్. స్టెప్‌కి ఓనర్లుంటారా ఎక్కడైనా? మన మధ్య ఉన్న ఫీలింగ్ కంటే అది ఎక్కువా నీకు?"

స్టెప్ కాదు నువ్వు ఇష్టమన్నవాడు ఆ నోటితోనే ఈ మాట అన్నాడు. సిగ్గు లేకపోతే సరి. స్టెప్పు తీసుకున్నాడు, ఆమెను వదిలేశాడు. శశికళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు. "నీ ఫీలింగు నీ దగ్గరే పెట్టుకో. నా అడుగు నాకియ్యి" అని వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఇచ్చేదెక్కడ? అప్పటికే అది ఊరంతా పాకిపోయింది. బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీ వదిలాక ఆడపిల్లలు బస్టాపులో అదే వేస్తున్నారు. గణేశుడి ఊరేగింపులో అదే. చందాపురలో చంటిపిల్లలు కూడా అదే. ఆనేకల్‌లో, వాళ్ళ సొంత వీధిలో, పక్కింటి పిల్లోడు వచ్చి "అక్కా, నీకి సినిమా స్టెప్ నేర్పిస్తా రా" అన్నాడు. శశికళ ఆ పూట అన్నం తినలేదు.

అప్పుడే కాలేజీల మధ్య డాన్సు పోటీ వచ్చింది. దానికొక నిబంధన ఉంది. సొంత కూర్పు అయి ఉండాలి, సినిమా అడుగులు పనికిరావు. హరిణి భయపడింది. "వద్దు శశీ, కాపీ అంటారు."

"నా అడుగు నేను వేసేకి ఎవుర్ని అడగాల? మొత్తం వేస్తా. మగ్గం ఎట్ల నడస్తాదో మొదుట్నించి కడాకి చూపిస్తా. కండ్లుండేవాళ్ళకి తెలస్తాది ఇది యాడిదో."

తండ్రిని కూడా రమ్మంది. రామాంజినప్ప సినిమాలు చూసే మనిషి కాదు, కూతురు బయట ఆడుతుందని విన్నాడే గానీ కళ్ళారా ఎప్పుడూ చూడలేదు. పడుగు మగ్గం మీద ఉండగా పట్టపగలు లేచి వెళ్ళడం ఆయన జన్మలో లేదు. కూతురి మొహం చూసి ఏమనుకున్నాడో, ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు.

హాలు నిండింది. శశికళ స్టేజీ ఎక్కి జడ్జీల వైపు చూసింది. ముగ్గురున్నారు. మధ్యలో ఒక మేడమ్. ఆమె పక్కన, మెడలో వేసిన సన్మానపు శాలువాతో, కౌశల్. సినిమా పేరు చెప్పి అతన్ని జడ్జిగా పిలిచారు. శశికళ చూపు అటునుంచి తిప్పేసుకుంది. వెనకనుంచి హరిణి బెంచీ మీద టక్ మనిపించింది. ఆడింది.

ఆడడమంటే అలా ఇలా కాదు. సినిమాలో ఉన్నది పదహారు లెక్కల ముక్క. ఇక్కడ నాడె వెళ్ళింది, వచ్చింది, దారం తెగింది, వంగి ముడివేసింది, మళ్ళీ సాగింది, చీర చివరి అంచు దాకా వచ్చి ఆగింది. చివరి వరసలో కూర్చున్న రామాంజినప్ప కాళ్ళు కుర్చీ కింద కదులుతున్నాయి. ఆయన గమనించలేదు, పక్కనున్న కుర్రాళ్ళు గమనించారు.

మేడమ్ మైకు తీసుకుంది. "చాలా బాగా చేశావమ్మా. కానీ ఇది ఫలానా సినిమాలోని స్టెప్ కదా. దాన్ని కంపోజ్ చేసిన వ్యక్తి నా పక్కనే కూర్చున్నారు. ఆయన బైక్ కిక్ నుంచి పుట్టిన స్టెప్ అది, పేపర్లో చదివాం. ఎదురుగా ఆయన ఉండగానే కాపీ చేయడం... సారీ. నిన్ను పోటీ నుంచి తీసేస్తున్నాం."

కాపీ. తన ఇంట్లో పుట్టినదాన్ని తను వేస్తే కాపీ. శశికళ కౌశల్ వైపు చూసింది. ఒక్క మాట. ఒకే ఒక్క మాట చాలు, ఇది ఆ అమ్మాయిదే మేడమ్ అని. నోరు తెరిస్తే అయిపోయేది. అతను నీళ్ళ సీసా మూత విప్పుతూ కూర్చున్నాడు. విప్పాడు, తాగలేదు, మళ్ళీ బిగించాడు.

అప్పుడు చివరి వరస నుంచి రామాంజినప్ప లేచాడు. మైకు లేదు, అవసరమూ లేదు. మగ్గం చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు.

"అమ్మా, బైకూ గీకూ నాకి తెల్దు. అది మా ఇంటి మగ్గం. ఎడం పక్క తాడు సాగిపోయి ఉండాది. ఆ పాప వేసింది నా కాళ్ళమ్మా."

కొందరు నవ్వారు. పంచె కట్టిన మనిషి, పల్లె మాట, నవ్వడానికి ఇంకేం కావాలి వాళ్ళకు! మేడమ్ ఇబ్బందిగా "కూర్చోండి పెద్దాయనా" అంది. తనను కాపీ అన్నప్పుడు తట్టుకున్న శశికళ, తండ్రిని చూసి నవ్వితే తట్టుకోలేకపోయింది. స్టేజీ మీది మైకు లాక్కుంది.

"కౌశల్, ఒక్కటే అడగతాను. నీ బైక్‌కి కిక్ ఏ పక్క ఉండాది?"

అతను తలెత్తాడు.

"కుడి పక్క. ఏడాది చూసినా. ఎడమకాలు నేలమీద పెట్టి కుడికాల్తో తంతావు. ఒక్క తన్నుకే స్టార్ట్ అయితాది. మరి ఈ అడుగులో రెండు దెబ్బలూ ఎడమకాల్తో ఏమిటికి వేస్తాము? చెప్పు. నువ్వు కూర్చిందే కద, చెప్పు!"

ఎవరో కుర్రాడు లేచి, గాలిలో బైకెక్కి, కాలు ఝాడించి చూసుకున్నాడు. కుడికాలే. ఇంకొకడు లేచాడు. వరసకు వరసలు లేచి ఎడమకాలితో తన్నబోయి తూలిపడుతూ కేకలు మొదలుపెట్టాయి. "యావ కడె? యావ కడె?" ఏ పక్క, ఏ పక్క అని కన్నడంలో, తెలుగులో, రెండూ కలిపి. ఇందాక రామాంజినప్పను చూసి నవ్వినవాళ్ళే అందరికంటే గట్టిగా అరిచారు.

కౌశల్ మైకు దగ్గరకు వంగి, "టైమ్ అవుతోంది, నెక్స్ట్ టీమ్ ప్లీజ్" అన్నాడు. అంతే.

ఇంత జరిగాక బహుమతి శశికళకు ఇచ్చారనుకుంటారేమో. ఇవ్వలేదు. నిబంధన నిబంధనే అన్నారు, సినిమాలో ముందు వచ్చింది కాబట్టి సినిమాదే అన్నారు. ఒక సినిమా పాటను వెనకనుంచి ముందుకు తిప్పి ఆడిన టీముకు కప్పు ఇచ్చారు. హాల్లో ఉన్న మూడువందల మందికి నిజం తెలిసింది. సినిమా చూసిన లక్షల మందికి ఎవరు చెబుతారు? బస్సులో తండ్రీ కూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర శశికళ కిటికీలోంచి బయటికి చూసింది, ఎవరూ హెల్మెట్ ఊపలేదు. అప్పుడు ఏడ్చింది. రామాంజినప్ప తన ఉత్తరీయం కొంగు ఆమె చేతిలో పెట్టాడు.

తెల్లవారాక శశికళకు మెలకువ వచ్చింది గానీ ఏదో తేడాగా అనిపించింది. మగ్గం ఆడుతోంది. టక్, టక్, టక్, టక్. గడియారంలా సమంగా. లేచి పరుగెత్తుకుంటూ మగ్గం దగ్గరకు వెళ్ళింది. ఎడమ చెక్క తాడు కొత్తగా, బిగుతుగా కట్టి ఉంది.

"ఏం చేసినావు నాయనా?"

రామాంజినప్ప తలెత్తకుండానే నాడె విసిరాడు. "కట్టేసినా. ఇంగ ఆ సద్దు ఇంట్లో వద్దు పాపా. అది ఇన్నప్పుడల్లా నీకి వాడు గుర్తుకొస్తాడు, ఏడుపొస్తాది. పదకొండేండ్ల బద్ధకం, ఈ పొద్దుతో తీరిపాయ."

గుమ్మంలో నిలబడ్డ మునిలక్ష్మి కళ్ళొత్తుకుంది. ఎన్నేళ్ళుగానో పోరుపెట్టిన పని ఇవాళ అయితే ఆమెకు సంతోషం లేదు. శశికళకు మాత్రం తండ్రి మంచితనం కనబడలేదు. కాళ్ళ నుంచి నెత్తిదాకా కోపం ఎక్కింది.

"వాడు ఎత్తుకుపోయింది చాలదని నువ్వు కూడా తీసేస్తావా? ఊరందరి కాడా ఉండాది, సినిమాలో ఉండాది, మనింట్లో మాత్రం ఉండకూడదా? నాకి ఏడుపొస్తే ఏడస్తాను. అది నాది నాయనా! ఎవుడో దొంగిలించినాడని నాది నేను పారేసుకోవాల్నా?"

గుంటలోకి దిగింది. తండ్రి పాదాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త ముడిని గోళ్ళతో పట్టి లాగింది. గట్టి ముడి. గోరు విరిగింది, అయినా వదల్లేదు. విప్పి, తాడును పాత వదులు దాకా జార్చి, మళ్ళీ ముడివేసింది.

"తొక్కు" అంది, చెయ్యి ఇంకా చెక్క మీది ముడి దగ్గరే ఉంచి.

రామాంజినప్ప కూతురి తల మీదుగా భార్య వైపు చూశాడు. మునిలక్ష్మి తొక్కమన్నట్టు తలూపింది. కుడికాలు వేశాడు, నాడె వెళ్ళింది. ఎడమకాలు వేశాడు, దారాలు లేవలేదు. రెండోది గట్టిగా వేశాడు.

"చెయ్యి తియ్యి పాపా, వేలు నలుగుతాది" అన్నాడు.